రెండర్ క్వాలిటీ, రెండర్ టైమ్: రాయగడ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను రాయగడలో ఉంటాను, ఇళ్ళ ప్లాన్లకి త్రీడీ ఎలివేషన్లు, ఇంటీరియర్ వ్యూలు చేస్తాను. గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం, అటు పార్వతీపురం వైపు నుంచి పనులొస్తాయి, సగం మంది తెలుగులో మాట్లాడతారు సగం మంది ఒడియాలో. ఈ లైన్లోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. రెండర్ అంటే త్రీడీ మోడల్‌ని వెలుగునీడలతో ఫోటోలాంటి బొమ్మగా తియ్యడం, దానికి నేను ఎక్కువగా బ్లెండర్‌లోని సైకిల్స్ వాడతాను, కొన్ని పనులకి వీ-రే. పేర్లు మారినా లోపల జరిగేది ఒకటే కాబట్టి కరోనా అనే రెండర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

అన్నా, ఒక్క ఇమేజ్‌కి ఎంత టైమ్ పడితే కరెక్టు?

ఇంతని ఒక లెక్క లేదమ్మా, ఆ ఇమేజ్ ఎవరు ఎక్కడ చూస్తారో దాన్ని బట్టే. ఫోన్లో చూసి రంగు ఓకే చెయ్యడానికైతే 3 నిమిషాలు కూడా ఎక్కువే, బ్యాంకు లోన్ ఫైల్లో పెట్టే ఎలివేషన్‌కి ఇంకొంచెం, బిల్డర్ ఆఫీసు గోడకి తగిలించేదైతే రాత్రంతా పెట్టినా తప్పు లేదు. నా దగ్గర 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంది, పగటి ఎలివేషన్ 10 నిమిషాల లోపు అయిపోద్ది, అదే ఇంట్లో హాలు వ్యూ అయితే అరగంట దాటుతుంది.

ఈ తేడా ఎందుకో తెలిస్తే సగం సెట్టింగులు వాటంతట అవే అర్థమవుతాయి. బయట వ్యూలో ఎండా ఆకాశమూ గోడ మీద నేరుగా పడతాయి, ఒక్క దెబ్బకే వెలుగు తెలిసిపోతుంది. హాలులోకి అయితే ఆ వెలుగు ఒక్క కిటికీలోంచి రావాలి, నేలకి తగిలి, గోడకి తగిలి, సీలింగ్‌కి తగిలి, అప్పుడు సోఫా కింద మూలకి చేరాలి. సాఫ్ట్‌వేర్ కెమెరా నుంచి కిరణాలు వదులుతుంది, వాటిలో చాలా వరకు కిటికీ దొరక్కుండానే గోడల మధ్య తిరిగి చచ్చిపోతాయి. దొరికినవీ దొరకనివీ పక్కపక్క పిక్సెల్స్‌లో పడితే అదే మనకి గింజలు గింజలుగా కనపడే నాయిస్.

శాంపిల్స్ పెంచుకుంటూ పోతే క్వాలిటీ పెరుగుతూ పోద్ది కదా?

శాంపిల్స్ అంటే ఒక్కో పిక్సెల్‌కి ఎన్ని కిరణాలు వదలాలనే లెక్క. పెంచితే క్వాలిటీ పెరుగుద్ది గాని మీరు అనుకున్నంత కాదు. నాయిస్ సగం అవ్వాలంటే శాంపిల్స్ 4 రెట్లు పెంచాలి, దానిలో సగం అవ్వాలంటే మళ్ళీ 4 రెట్లు. అంటే 100 శాంపిల్స్‌కి 10 నిమిషాలు పడితే, నాయిస్ సగానికి 400 శాంపిల్స్, 40 నిమిషాలు. పావుకి 1600 శాంపిల్స్, 160 నిమిషాలు. మొదటి 10 నిమిషాల్లో వచ్చిన మార్పు కళ్ళకి కనపడుతుంది, చివరి రెండు గంటల్లో వచ్చింది జూమ్ చేసి వెతుక్కోవాలి. ఇది కంప్యూటర్ స్లో అవ్వడం వల్ల వచ్చిన బాధ కాదు, కిరణాల్ని లాటరీలా ఎక్కడెక్కడో వదిలి సగటు తీసే పద్ధతిలోనే ఉంది. ఈ లెక్కంతటికీ మూలమైన రెండరింగ్ ఈక్వేషన్‌ని 1986లో జేమ్స్ కజియా రాశారు, ఆయన చూపించిన పాత్ ట్రేసింగే ఇవాళ మన సాఫ్ట్‌వేర్లలో నడుస్తోంది. అంతకుముందు 1980లో టర్నర్ విటెడ్ రే ట్రేసింగ్ మీద ఇచ్చిన పేపర్‌లో గాజు గోళం ఉన్న బొమ్మ ఒకటుంది, అది తియ్యడానికి ఆ రోజుల మెషిన్ మీద 74 నిమిషాలు పట్టింది. మెషిన్లు ఎన్నో వేల రెట్లు పెరిగాయి, మనం ఇంకా గంటల్లోనే ఉన్నాం, ఎందుకంటే దొరికిన స్పీడంతా ఇంకో చెట్టు ఇంకో లైటు పెట్టడానికి ఖర్చు పెట్టేస్తున్నాం.

బ్లెండర్ 3.0 నుంచి డిఫాల్ట్‌గా 4096 శాంపిల్స్, నాయిస్ థ్రెషోల్డ్ (నాయిస్ ఇంతకి తగ్గాక చాలని ఆపే హద్దు) 0.01 ఉంటాయి. చాలామంది 4096 చూసి భయపడి దాన్ని 300కి దింపి థ్రెషోల్డ్ అలాగే వదిలేస్తారు. నేనైతే థ్రెషోల్డ్‌నే ముట్టుకోమంటాను, టెస్ట్‌కి 0.1, క్లయింట్‌కి చూపించేదానికి 0.03 చుట్టుపక్కల, ప్రింట్‌కి మాత్రమే 0.01. ఇలా పెడితే ఆకాశం, ఎండ పడ్డ గోడ లాంటి తేలిక చోట్ల తొందరగా ఆపేసి మిగిలిన టైమంతా చీకటి మూలల మీద పెడుతుంది.

డీనాయిజర్ ఉంది కదా, తక్కువ శాంపిల్స్ పెట్టి దానికి వదిలేస్తే పోలా?

డీనాయిజర్ అంటే మిగిలిన నాయిస్‌ని ఊహించి తుడిచేసే టూల్. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను ఇక్కడే దెబ్బ తిన్నాను.

పర్లాకిమిడి పక్కన ఒక రిటైర్డ్ మాస్టారు ఇల్లు. ముందు వరండా గోడ మాంకడా రాయితో కడదామన్నారు, అదే మనం లేటరైట్ అనేది, ఒడిశాలో అందరూ మాంకడా పథర అంటారు. ఎర్రగా, ఒళ్ళంతా చిన్న చిన్న గుంటలతో, లోపల పసుపు మరకలతో ఉంటుంది. నేను టెక్స్చర్ (గోడ మీద అతికించే రాయి ఇమేజ్) బాగానే పెట్టాను, ఫైల్ ఇవ్వాల్సిన రోజు టైమ్ లేక 64 శాంపిల్స్ పెట్టి డీనాయిజ్ చేసి పంపేశాను. మాస్టారు ఫోన్ చేసి "బాబూ, ఇది మా రాయి కాదు, ఎర్ర పెయింటు కొట్టిన గోడలాగ ఉంది, మా ఆవిడ వద్దంటోంది, టైల్స్ పెట్టించేద్దాం" అన్నారు. తెరిచి జూమ్ చేసి చూస్తే నిజమే, గుంటలన్నీ మైనం పూసినట్టు చదునైపోయాయి. డీనాయిజర్‌కి గుంటలో నీడా నాయిసూ ఒకలాగే కనపడ్డాయి, రెండిటినీ తుడిచేసింది. అదే సీన్ 400 శాంపిల్స్‌తో, డీనాయిజర్‌కి ఆల్బిడో (వెలుగునీడలు లేని అసలు రంగు), నార్మల్ (ఉపరితలం ఎటు తిరిగి ఉందో) పాస్‌లు రెండూ ఇచ్చి మళ్ళీ తీస్తే ప్రతి గుంటా వచ్చింది. మాస్టారు రాయే కట్టించుకున్నారు, ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్తే ఆగి చూస్తాను.

కాబట్టి డీనాయిజర్ వాడండి, నేను రోజూ వాడతాను, ఇంటెల్ వాళ్ళ ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ ఫైనల్‌కి, ఎన్‌విడియా ఆప్టిక్స్ వ్యూపోర్ట్‌లో, అంటే పని చేసుకునే విండోలో, చూసుకోడానికి. కానీ దానికి అందాల్సిన పచ్చి ఇమేజ్ కొంచెం బాగుండాలి. నా కొలత ఏంటంటే, డీనాయిజ్ చెయ్యకుండా చూసినప్పుడు టెక్స్చర్ ఏంటో నాకు కంటితో తెలియాలి. నాకే తెలియకపోతే దానికీ తెలియదు, సొంతంగా ఊహించి పూసేస్తుంది. బట్టలు, మొజాయిక్ నేల, సిమెంటు జాలీ, చెక్క గీతలు, వీటి దగ్గర జాగ్రత్త. తెల్ల గోడ, సీలింగ్ లాంటి చోట ఎంత తక్కువిచ్చినా బాగానే చేస్తుంది.

4కే లో తీస్తేనే క్వాలిటీ అంటున్నారు, నిజమేనా?

1920 × 1080 అంటే సుమారు 20 లక్షల 73 వేల పిక్సెల్స్, 3840 × 2160 అంటే సరిగ్గా దానికి 4 రెట్లు. మిగతావన్నీ మార్చకపోతే టైమ్ కూడా దాదాపు 4 రెట్లే. క్లయింట్ వాట్సాప్‌లో చూస్తాడు, వాట్సాప్ మామూలు ఫోటోగా పంపితే ఎలాగూ నొక్కేస్తుంది, అలాంటప్పుడు 4కే తీసింది ఎవరికోసం? ఫుల్ హెచ్‌డీ తీసి డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రింట్‌కి అయితే లెక్క కట్టుకోండి. ఏ3 పేజీ 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెల్స్) 4961 × 3508, అదే 150 డీపీఐలో 2480 × 1754, అంటే నాలుగో వంతు పని. చేతిలో పట్టుకుని చూసే బ్రోచర్‌కి 300 కావాలి, టేబుల్ మీద పరిచి చూసే షీటుకి 150 చాలు. ఫ్లెక్సీకి అంత కూడా అక్కర్లేదు, 10 × 6 అడుగుల ఫ్లెక్సీ అంగుళానికి 30 పిక్సెల్స్ చొప్పున 3600 × 2160 ఇస్తే రోడ్డు అవతల నుంచి చూసేవాడికి చక్కగా ఉంటుంది. ఫ్లెక్సీ అనగానే 12,000 పిక్సెల్స్ పెట్టి మెషిన్ హ్యాంగ్ చేసుకున్నవాళ్ళని నేను చూశాను.

ఇంటీరియర్‌లో తెల్ల చుక్కలు పోవట్లేదు, ఎంత సేపు పెట్టినా అలాగే ఉన్నాయి.

వాటికి టైమ్ పెట్టి లాభం లేదు, ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. మన ఇళ్ళల్లో నాకు ఎక్కువగా కనపడేది దేవుడి గది. ఇత్తడి కుందె, దాని మీద చిన్న జ్యోతి ఆకారానికి ఎమిషన్ (తనే వెలుగిచ్చే) మెటీరియల్, ముందు గాజు తలుపు, వెనక గ్రానైట్. వెలుగిచ్చే వస్తువేమో చిటికెన వేలి గోరంత, మెరిసే వస్తువులేమో చుట్టూ. కిరణం ఇత్తడికి తగిలి ఎప్పుడో వందలో ఒకసారి ఆ జ్యోతికి తగిలితే ఆ ఒక్క పిక్సెల్ భగ్గున వెలిగిపోతుంది, అదే చుక్క.

నేను చేసేది ఇది. జ్యోతికి ఎమిషన్ చూడ్డానికి సరిపడా తక్కువగా ఉంచి, అసలు వెలుగు కోసం అదే చోట నిమ్మకాయంత స్ఫియర్ లైటు వేరే పెడతాను. గాజు తలుపుకి నీడ దగ్గర ట్రాన్స్‌పరెంట్ అయ్యేలా మెటీరియల్ కడతాను, కిటికీ అద్దాలకీ అంతే, లేకపోతే ఎండ గాజు దాటి రావడాన్ని కాస్టిక్స్‌గా (గాజు, లోహం మీదుగా వంగి ఒకచోట పడే వెలుగు) లెక్కేసి చుక్కలు పోస్తుంది. కాస్టిక్స్ రెండూ, రిఫ్లెక్టివ్, రిఫ్రాక్టివ్, ఆఫ్. ఇండైరెక్ట్ క్లాంప్ (తగిలి తిరిగొచ్చే వెలుగుకి పై హద్దు) సైకిల్స్‌లో డిఫాల్ట్‌గా 10 ఉంటుంది, 3 దాకా దింపుతాను, మరీ దింపితే గదిలో వెలుగు తగ్గిపోయి చచ్చుగా ఉంటుంది. కిటికీ దగ్గర పోర్టల్ (ఏరియా లైటులో ఉండే ఆప్షన్) పెడితే కిరణాలకి ఆకాశం ఎటుందో దారి తెలుస్తుంది, ఒక్కోసారి టైమ్ సగం అయిపోతుంది.

బౌన్సులు, అంటే కిరణం ఎన్నిసార్లు తగిలి తిరగాలనేది, కూడా ఇక్కడే చెప్పేస్తా. సైకిల్స్ డిఫాల్ట్ మొత్తం 12, డిఫ్యూజ్ (మెరవని వాటికి) 4, గ్లాసీ (మెరిసేవాటికి) 4. ఎలివేషన్‌కి డిఫ్యూజ్ 2 చాలు, హాలుకి 4 ఉంచండి, తగ్గిస్తే మూలలు నల్లబడతాయి, అప్పుడు లేని లైట్లు పెట్టి కవర్ చేస్తూ ఇంకో గంట పోగొట్టుకుంటారు.

గోడ రంగుకీ టైమ్‌కీ సంబంధం ఉందా?

ఉంది. తెలుపు అని పూర్తిగా 1.0 పెట్టేస్తారు. లోకంలో ఏ సున్నమూ పడ్డ వెలుగంతా తిరిగి ఇవ్వదు. 1.0 పెడితే కిరణం ఎన్నిసార్లు తగిలినా బలం తగ్గదు, లెక్క తెగదు, గదంతా పాలిపోయి నీడల్లో లోతు పోతుంది. 0.8 దాటనివ్వకండి, తెల్లగానే కనపడుతుంది.

కార్డు మెమరీ నిండిపోతోంది, కొత్తది కొనాలా?

ముందు టెక్స్చర్లు చూడండి. 4096 × 4096 ఇమేజ్ ఒకటి మెమరీలో 64 ఎంబీ తింటుంది, 8192 అయితే 256 ఎంబీ. ఫైల్ సైజు 5 ఎంబీ జేపెగ్ కదా అనుకోకండి, కార్డులోకి వెళ్ళాక విప్పుకుంటుంది. 10 మెటీరియల్స్, ఒక్కోదానికి కలర్, రఫ్‌నెస్, నార్మల్ అని 3 మ్యాపులు, అన్నీ 8కే అయితే 7.5 జీబీ, 8 జీబీ కార్డు అక్కడికే అయిపోయింది, ఇంకా ఇల్లు కూడా లేదు. అవే 2కే కి దింపితే 480 ఎంబీ. కెమెరాకి దగ్గరున్న ఒకటి రెండిటికి 4కే ఉంచి మిగతావి దింపండి, ఎవరూ కనిపెట్టలేరు. మెమరీ నిండాక రెండర్ ఆగిపోవచ్చు, లేదా సిస్టమ్ ర్యామ్ వైపు పోయి నత్తలాగ నడవచ్చు.

చెట్లు కాపీ చెయ్యకండి, ఇన్‌స్టెన్స్ చెయ్యండి, అంటే ఒకే చెట్టుని చాలా చోట్ల చూపించమనండి. ఒక కొబ్బరి చెట్టు 50 చోట్ల ఇన్‌స్టెన్స్ పెడితే దాదాపు ఒక చెట్టు మెమరీయే. ఆకుల్ని చదునైన ముక్క మీద ఆల్ఫా ఇమేజ్‌తో (ఖాళీలు కనపడకుండా చేసే ఇమేజ్) చేసినవాటికంటే ఆకు ఆకారంలో కత్తిరించిన మెష్ చాలాసార్లు తొందరగా అవుతుంది, ఎందుకంటే ప్రతి ఖాళీ దగ్గరా కిరణం ఆగి ఇక్కడ ఆకుందా లేదా అని చూసుకోనక్కర్లేదు.

ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే అప్పుడు కొనండి, కొంటే స్పీడు కొంచెం తక్కువైనా మెమరీ ఎక్కువున్నదే కొనండి.

టైమ్ ఏమీ పెరక్కుండా క్వాలిటీ పెంచే మార్గం ఏదైనా ఉందా?

ఉంది, ఎండ దిక్కు కరెక్టుగా పెట్టడం. ఎంత అందంగా ఉన్న రెండర్లో అయినా ఎండ ఉత్తరం గోడ మీద డిసెంబర్‌లో పడుతుంటే ఇక్కడి మేస్త్రి ఒక్క చూపులో పట్టేస్తాడు. మన రాయగడ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 47 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, దక్షిణం గోడకి 2 అడుగుల సజ్జా ఉంటే నీడ గోడ మీద 2 అడుగులకి కాస్త పైగా దిగుతుంది. జూన్‌లో మధ్యాహ్నం మాత్రం సూర్యుడు నడినెత్తి దాటి 4 డిగ్రీలు ఉత్తరానికి వాలి ఉంటాడు. ఈ సంగతి చాలామందికి తెలియదు. బ్లెండర్ సన్ పొజిషన్ యాడాన్‌లో ఊరి అక్షాంశ రేఖాంశాలు, తేదీ, టైమ్ ఇచ్చేస్తే అయిపోతుంది, ఒక్క సెకను ఎక్కువ పట్టదు. నేను ఎలివేషన్లు ఎక్కువగా పొద్దున్న 8 గంటలకి పెడతాను, సజ్జాలు, పిట్టగోడ, జాలీ అన్నిటికీ పొడుగు నీడలొచ్చి ఇల్లు లేచి నిలబడినట్టుంటుంది. మధ్యాహ్నం ఎండలో 2000 శాంపిల్స్ పెట్టినా అట్టముక్కలాగే ఉంటుంది.

ఎన్‌స్కేప్, లూమియన్, డీ5, ట్విన్‌మోషన్ ఉండగా ఇంత కష్టం ఎందుకు?

ఇవి అప్పటికప్పుడు బొమ్మ చూపించే రియల్‌టైమ్ సాఫ్ట్‌వేర్లు. అవసరం లేని చోట ఇంత కష్టం అక్కర్లేదు. క్లయింట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని గోడలు మార్చి చూపించాలంటే వాటిని మించింది లేదు, డబుల్ హైట్ హాలు తిప్పి చూపిస్తే పెద్దవాళ్ళకి కూడా వెంటనే అర్థమవుతుంది. బ్లెండర్ 4.2లో వచ్చిన కొత్త ఈవీలో (బ్లెండర్ సొంత రియల్‌టైమ్ రెండరర్) కూడా రే ట్రేసింగ్ ఉంది. తేడా ఎక్కడొస్తుందంటే, కిటికీ నుంచి దూరంగా లోపలి మూలల్లో వెలుగు, గాజులో గాజు, ఇత్తడి మీద ప్రతిబింబాలు. నా పద్ధతి ఏంటంటే నిర్ణయాలన్నీ రియల్‌టైమ్‌లో, చివరి రెండు మూడు ఇమేజ్‌లు మాత్రమే సైకిల్స్‌లో.

క్లయింట్ పదిసార్లు మారుస్తాడు, ప్రతిసారీ మొత్తం రెండర్ చెయ్యాలా?

వద్దు. మొదట రంగుల్లేకుండా బూడిద రంగు క్లే రెండర్ చూపించి ఆకారం, కెమెరా ఓకే చేయించుకోండి. మన వైపు ఇంటి నిర్ణయం ఒక్కరిది కాదు, కొడుకు బెంగళూరు నుంచి ఓకే అంటాడు, సాయంత్రం పెదనాన్నగారొచ్చి మెట్లు నైరుతికి మార్చమంటారు, అందుకే ఇంట్లో అందరూ చూశారా అని అడిగాకే మెటీరియల్స్ మొదలెడతాను. తర్వాత చిన్న మార్పులకి రీజియన్ రెండర్, తలుపు మారితే తలుపు ముక్కే తీసి అతికించడం. లైట్లు వెచ్చగానా తెల్లగానా అనే పంచాయితీకి వీ-రే, కరోనాలో లైట్ మిక్స్, బ్లెండర్ 3.2 నుంచి లైట్ గ్రూప్స్ ఉన్నాయి, ఒక్కసారి రెండర్ చేసి తర్వాత ఏ లైటు ఎంతో అక్కడే తిప్పుకోవచ్చు.

వాక్‌త్రూ వీడియో ఒప్పుకోవచ్చా?

లెక్క కట్టి ఒప్పుకోండి. 30 సెకన్లు, సెకనుకి 25 ఫ్రేములు అంటే 750 ఫ్రేములు. ఒక్కోటి 3 నిమిషాలంటే 37 గంటల 30 నిమిషాలు, 5 నిమిషాలైతే 62 గంటల 30 నిమిషాలు. స్టిల్‌లో కనపడని తప్పు వీడియోలో కనపడుతుంది, డీనాయిజర్ ఒక్కో ఫ్రేమ్‌ని ఒక్కోలాగ తుడిచి మూలలు ఉడుకుతున్నట్టు కదులుతాయి, కాబట్టి శాంపిల్స్ మరీ తగ్గించకూడదు. కెమెరా మాత్రమే కదిలితే పర్‌సిస్టెంట్ డేటా ఆన్ చెయ్యండి, ప్రతి ఫ్రేమ్‌కీ సీన్ మళ్ళీ లోడ్ చెయ్యదు.

నేరుగా ఎంపీ4గా మాత్రం రెండర్ పెట్టకండి. వానాకాలంలో ఇక్కడ నాలుగు ఉరుములు ఉరిమితే కరెంటు పోతుంది, 600వ ఫ్రేమ్ దగ్గర పోతే ఆ ఫైల్ తెరుచుకోదు. ఇమేజ్ సీక్వెన్స్‌గా తీసి ఓవర్‌రైట్ ఆఫ్ చేస్తే ఆగిన దగ్గర్నుంచే మొదలవుతుంది. పెద్ద స్టిల్‌కి నేను ఇంకో పని చేస్తాను, రెండు గంటల 40 నిమిషాల రెండర్ ఒకటి పెట్టే బదులు 40 నిమిషాలవి నాలుగు, సీడ్ (నాయిస్ ఎలా చెదరాలో నిర్ణయించే నంబరు) మార్చి డీనాయిజ్ లేకుండా ఈఎక్స్‌ఆర్‌లో (వెలుగు విలువలు పోకుండా దాచే ఫైల్) తీసి, ఇమేజ్‌లు కలిపే కంపోజిటర్‌లో సగటు చేసి చివర్లో డీనాయిజ్ చేస్తాను. 4 రెట్లు శాంపిల్స్ పెట్టినట్టే, కరెంటు పోతే పోయేది ఒక ముక్కే.

ఆన్‌లైన్ రెండర్ ఫామ్‌కి పంపితే?

ఫామ్ అంటే బోలెడు కంప్యూటర్ల మీద మన ఫైల్ రెండర్ చేసిచ్చే సర్వీసు, వీడియోలకి బాగుంటుంది. కానీ అప్‌లోడ్ చూసుకోండి, 3 జీబీ ఫైలు 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో 80 నిమిషాలు, అదీ మధ్యలో తెగకపోతే. ఒక్క స్టిల్ కోసమైతే ఇంట్లోనే ముందయిపోతుంది. కరెంటు ఖర్చు భయపడినంత ఉండదు, 450 వాట్లు 8 గంటలు అంటే 3.6 యూనిట్లు.

రేపు పొద్దున్న 10కి ఇవ్వాలి, ఇప్పుడు రాత్రి 9 అయింది, ఏం చెయ్యమంటారు?

కొత్త మోడల్ ఏదీ దింపకండి. ఫుల్ హెచ్‌డీలో సగం సైజు, థ్రెషోల్డ్ 0.1 తో ఒక టెస్ట్ తీసి స్క్రీన్‌కి రెండడుగులు వెనక్కి జరిగి చూడండి, ఎండ దిక్కు, గోడల నిలువు గీతలు, గాల్లో తేలే వస్తువులు, ఈ మూడే చూడండి. వెలుగు నచ్చకపోతే అక్కడే గంట కూర్చోండి, ఆ గంట వృథా కాదు. తర్వాత అనుమానమున్న చోట చిన్న రీజియన్ మాత్రం ఫైనల్ సెట్టింగులతో తీసి, అది ఎంతసేపు పట్టిందో, మొత్తం ఇమేజ్‌లో అది ఎన్నో వంతో చూసి టైమ్ గుణించుకోండి. 6 గంటలు దాటేలా ఉంటే శాంపిల్స్ కంటే ముందు రిజల్యూషన్ తగ్గించండి. ఆటో అప్‌డేట్లు ఆపండి, స్లీప్ మోడ్ ఆపండి, టేబుల్ ఫ్యాన్ క్యాబినెట్ వైపు తిప్పండి, ఎండాకాలంలో వేడెక్కి కార్డు తనంతట తనే స్పీడు తగ్గించేసుకుంటుంది. పడుకునే ముందు ఫైల్ ఇంకో పేరుతో సేవ్ చెయ్యండి. 5 గంటలకి అలారం పెట్టుకోండి, ఏదైనా తేడా వస్తే ముక్క రెండర్‌కి 3 గంటలుంటాయి, ప్రింట్ షాపు ఎలాగూ 9కి గాని తియ్యరు.